గోడకి ఇవతలి ప్లీడరు

ఈ సంగతి తెనాలిలో చెప్పినప్పుడు బాపట్లలో జరిగిందన్నాను. బాపట్లలో చెప్పినప్పుడు రేపల్లె అన్నాను. రేపల్లెలో తెనాలి అన్నాను. డ్రైనేజీ ఆఫీసు గుమాస్తాగా ఆ మూడూళ్ళ మధ్యే నా సర్వీసంతా గడిచింది కాబట్టి, ఏ ఊళ్ళో కూర్చుని కోతలు కోసినా అడిగి తేల్చుకునేవాడు పక్కన ఉండడు. మీకూ ఊరి పేరు చెప్పను. మిగతాది మాత్రం ఈసారి ఉన్నదున్నట్టు చెబుతాను. మధ్యలో నోరు జారితే నేనే ఆగి సరిచేసుకుంటాను.

తొంభైల మొదట్లో మా ఊరికి కొత్తగా ఒక సీఐ గారు వచ్చారు. సన్నగా, కళ్ళజోడుతో, కాలేజీ లెక్చరర్లా ఉండేవారు. జనానికి పోలీసంటే భయం పోవాలని ఆయన పట్టుదల. మా చర్చి కాంపౌండులో ఉన్న బడి హాలు అడిగి పుచ్చుకుని, ఆరు ఆదివారాలు, మధ్యాహ్నం పూట, ఊళ్ళోవాళ్ళకి క్లాసులు పెట్టారు. కంప్లైంటు ఎలా రాయాలి, ఎఫ్ఐఆర్ అంటే ఏంటి, దాని కాపీ మనకి ఎందుకివ్వాలి, ఒకణ్ణి పట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు ఎందుకు నిలబెట్టాలి, ఇలాంటివన్నీ నల్లబల్ల మీద రాసి చెప్పేవారు.

ఆ క్లాసులు నడిపింది నేనేనని చాలామందికి చెప్పాను. బెంచీలు సర్దింది నేను. నల్లబల్ల తుడిచింది నేను. మా ఆవిడ ఆ బళ్ళో టీచరు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. అంతే. అయితే ముందు బెంచీలో కూర్చుని ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తేవాణ్ణి. "చదవకుండా కాగితం మీద సంతకం పెట్టొచ్చా?" అని సీఐ గారు అడిగితే, "పెట్టకూడదండి! ఖాళీ కాగితమైతే ముట్టుకోనే కూడదండి!" అని హాలు అదిరేలా చెప్పాను.

"మాస్టారు బాగా చెప్పారు" అన్నారాయన.

నేను మాస్టార్ని కాదు. మా ఆవిడ టీచరు. కానీ పిలిచినవాళ్ళని దిద్దడం నాకు అలవాటు లేదు.

ఆరో ఆదివారం అందర్నీ స్టేషనుకి తీసుకెళ్ళారు. ఇరవై మందిమి ఉంటాం. రైటరు బల్ల, వైర్‌లెస్ సెట్టు, గొలుసేసి కట్టిన తుపాకులు చూపించారు. చివరికి లాకప్పు. మేం వస్తున్నామని సున్నం కొట్టి, ఫినాయిల్ పోసి కడిగినట్టున్నారు, ముక్కులు అదిరిపోయాయి.

"లోపల ఎలా ఉంటుందో ఎవరైనా చూస్తారా?" అన్నారు సీఐ గారు నవ్వుతూ.

ఎవరూ కదల్లేదు. నేను ముందుకొచ్చాను. "ఇవన్నీ నాకు అలవాటేనండి. కుర్రతనంలో ఉద్యమంలో పడి లోపలున్నవాణ్ణి" అన్నాను. కుర్రతనంలో జరిగింది ఏంటంటే, కాలేజీ గేటు దగ్గర అరుస్తున్నామని పోలీసులు మమ్మల్ని లారీ ఎక్కించి, ఊరవతల దింపేసి పోయారు. నడిచి ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

హెడ్ కానిస్టేబుల్ గారు తలుపు తీశారు. లోపలికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన తలుపేసి, తాళమేసి, తాళంచెవి నడుముకి తగిలించుకున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు. మా పక్కింటి దర్జీ సాయిబు గారు ఊచల దగ్గరికొచ్చి, "అన్నయ్యా, ఇంటి నుంచి క్యారేజీ పంపించమంటావా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వైర్‌లెస్ గరగరమంది. ధాన్యం లారీ ఒకటి మనుషులతో సహా కాలవలో పల్టీ కొట్టిందట. సీఐ గారు టోపీ పెట్టుకుని ఒక్క పరుగు. ఆయన వెనకాల హెడ్డు గారు, సెంట్రీ తప్ప మిగతా కానిస్టేబుళ్ళంతా జీపులోకి. జీపు వెళ్ళిపోయింది. నడుముకున్న తాళంచెవి కూడా వెళ్ళిపోయింది.

మా క్లాసు వాళ్ళలో సగం మంది లారీ చూడ్డానికి, సగం మంది ఇళ్ళకి పోయారు. దర్జీ సాయిబు గారు కాసేపు నాకు తోడుండి, నమాజు వేళైందని కదిలాడు. మా ఆవిడ ఊచల్లోంచి నన్నోసారి ఎగాదిగా చూసి, "ఇక్కడైతే ఎక్కడికీ పోరు. నేను ఇంటికెళ్ళి ఆరేసిన బట్టలు తీసుకుంటా, మబ్బేస్తోంది" అని వెళ్ళిపోయింది.

మిగిలింది సెంట్రీ కానిస్టేబులు ఒక్కడే. "ఏమయ్యా, ఇంకో తాళంచెవి ఉండదా?" అని అడిగాను.

"నా దగ్గర తుపాకీ ఉంది మాస్టారూ. తాళంచెవి లేదు" అన్నాడు. చెప్పేసి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మొదట పావుగంట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆరడుగులు అటు, ఎనిమిదడుగులు ఇటు. కూర్చుందామంటే నేల ఇంకా తడి. ఒకసారి తలుపు తోసి చూశాను, కదలదని తెలిసీ. రెండోసారి గట్టిగా తోశాను. మూడోసారి రెండు చేతులతో ఊపాను. ఒంటేలుకి వెళ్ళాల్సిన అవసరం కూడా అప్పుడే వచ్చిపడింది. సరదాకి వచ్చినవాణ్ణి, కావాలంటే వీళ్ళు మర్యాదగా తీస్తారు అని మనసుకి చెప్పుకుంటున్నా, ఒళ్ళు వినడం లేదు. మెడ వెనకాల చెమట కారుతోంది. ఇనప ఊచలకి సరదా సంగతి తెలియదు కదా.

అప్పుడు వినపడింది, పైనుంచి.

"ఎవరండీ అక్కడ?"

వెనక గోడలో, నా తలకి మూరెడు పైన, ఇటుకంత కంత ఉంది. గోడకి అవతల కేసుల్లో పట్టుకొచ్చిన సైకిళ్ళు, డబ్బాలు పడేసే గది. ఆ గది సీఐ గారు మాకు చూపించలేదు. తలుపుకి తాళముంది.

"నువ్వెవరు?" అన్నాను.

"ఇంజన్లు బాగుచేస్తానండి. బేస్తవారం పట్టుకొచ్చారండి. ఇవాళ ఎవరో పెద్దోళ్ళు స్టేషను చూడ్డానికొస్తున్నారని పొద్దున్నే దీంట్లో పడేశారండి. మాట్టాడితే చంపుతామన్నారు."

ఆ పెద్దోళ్ళం మేమే.

మెల్లిమెల్లిగా చెప్పాడు. కాలవ గట్టు మీద పల్లె అతనిది. పొలాలకి నీళ్ళు తోడే ఆయిలింజన్లు బాగుచేసి బతుకుతాడు. అంతకుముందు వారం తను బాగుచేసిన ఇంజనే పొలంలోంచి పోయింది. విప్పడం తెలిసినవాడు కాబట్టి ఎత్తుకుపోయింది కూడా తనేనని పట్టుకొచ్చారు. నాలుగు రోజులైంది. ఏ మేజిస్ట్రేటూ లేడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. పనికెళ్ళి రాలేదనుకుంటూ ఉంటారు.

"తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటున్నారండి. పెడితే కొట్టడం ఆపుతామన్నారు. ఇక పెట్టేద్దామనుకుంటున్నానండి." మళ్ళీ తనే అడిగాడు. "మీరెవరండీ? మిమ్మల్నెందుకు పట్టుకొచ్చారు?"

ఇక్కడ చాలా ఏళ్ళపాటు నేను చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. నేను ధైర్యం చెప్పానని చెప్పేవాణ్ణి. చెప్పాను, నిజమే. ఎలా చెప్పానన్నది మింగేసేవాణ్ణి. సరదాకి లోపలికొచ్చి ఇరుక్కున్న డ్రైనేజీ గుమాస్తానని ఆ గొంతుకి చెప్పడానికి నా నోరు రాలేదు.

"నేను ప్లీడర్ని" అన్నాను. "పెద్ద ప్లీడర్ని. పోలీసుల మీద కేసేశానని నన్ను లోపలేశారు. నా తాళం తియ్యక చస్తారా! విను తమ్ముడూ. సంతకం పెట్టకు. ఖాళీ కాగితం ముట్టుకోనే ముట్టుకోకు. నేను బయటికెళ్ళగానే మీ ఇంటికి కబురు చేస్తాను. మేజిస్ట్రేటుకి చెప్పి నిన్ను విడిపిస్తాను."

గోడకి అవతల డబ్బా ఏదో జరిపిన చప్పుడైంది.

"అట్టాగేనండి, ప్లీడరు గారూ" అన్నాడు. "పెట్టనండి." ఊరి పేరు, వీధి గుర్తు, భార్య పేరు చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆ కాసేపూ తలుపు సంగతీ, ఒంటేలు సంగతీ మర్చిపోయాను. నిజంగానే ప్లీడర్నయినట్టు నడుం నిటారుగా పెట్టుకుని నిలబడ్డానంటే నమ్మండి.

ఐదు గంటలు లోపలున్నానని చెబుతుంటాను. గంటా ముప్పావు. జీపు తిరిగొచ్చింది. హెడ్డు గారు ఒళ్ళంతా బురదతో పరిగెత్తుకొచ్చి తలుపు తీశారు. సీఐ గారు నా రెండు చేతులూ పట్టుకుని, "క్షమించాలి మాస్టారూ, మీరు నిజంగా ప్రాక్టికల్స్ చేసేశారు" అన్నారు. నవ్వాను. ముందుగా వెనక దొడ్లోకి పరిగెత్తాను. వచ్చేసరికి టీ తెప్పించారు. బజ్జీలు కూడా.

టీ తాగుతుంటే హెడ్డు గారు మామూలుగా అడిగినట్టు అడిగారు. "లోపల విసుగేసిందా సార్? ఏమైనా శబ్దాలూ అవీ వినపడ్డాయా?"

సీఐ గారు పక్కనే కుర్చీలో ఉన్నారు. నాలుగు రోజుల సంగతి ఆయనకి తెలుసో తెలియదో ఇప్పటికీ చెప్పలేను. బహుశా తెలియదు. నేనొక్క మాటంటే లేచి ఆ గది తీయించేవారేమో. ఆరు వారాలుగా ఆ మనిషి మాకు చెప్పింది ఆ ఇరవై నాలుగు గంటల మాటే కదా.

"ఏం లేదండి. ఎలకలేమో" అన్నాను. నవ్వాను కూడా.

ఆ సాయంత్రమే ఆ పల్లెకి సైకిలేసుకుని వెళ్ళానని చెబుతుంటాను. ఒకసారైతే వానలో వెళ్ళానని కూడా చెప్పాను. నేను వెళ్ళింది బుధవారం.

ఆదివారమే వెళ్ళి చెబితే, ఎవరు చెప్పారని హెడ్డు గారు వెతుకుతాడు. సోమవారం ఆఫీసులో కూర్చుంటే, వీధిలో జీపు చప్పుడైనప్పుడల్లా ఫైల్లో అక్షరాలు కనపడలేదు. మంగళవారం మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర సిరా పెన్ను కింద పెట్టింది. "మూడు రోజులా?" అంది. మర్నాడు పొద్దున్న నా సెలవు చీటీ తనే రాసి, సంతకానికి నా ముందు పెట్టింది.

ఆ పల్లెలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ముంగిట్లో విప్పేసిన ఇంజను భాగాలు గోనె మీద పరిచి ఉన్నాయి. ఒకావిడ బయటికొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. మీ ఆయన స్టేషన్లో ఉన్నాడమ్మా అని చెప్పాను.

"ఇప్పుడా అండీ చెప్పడం?" అంది. "నిన్న కోర్టులో పెట్టారు. నిన్న పొద్దున బస్టాండులో దొరికాడని రాసుకున్నారంట. కుడిచేతి వేళ్ళు రెండు ఇంతలావు వాచిపోయినయ్. సంతకం పెట్టనన్నాడంట, ఆ చేతి మీదే కొట్టారు." నా చొక్కా వంక, చెప్పుల వంక చూసింది. "లోపల ఎవరో ప్లీడరు గారున్నారంట. కబురు చేస్తానన్నారంట. ఆ కబురు మీదేనా?"

నిజం చెప్పడానికి దేవుడు ఇంతకంటే మంచి వీలు ఇవ్వడు.

"అవునమ్మా" అన్నాను. "నేను ప్లీడరు గారి గుమాస్తాని."

అంత పెద్ద ప్లీడరుకి గుమాస్తానన్నాక ప్లీడర్ని చూపించాలి కదా. మా చర్చిలో సంఘపెద్దగా ఉండే ఒక క్రిమినల్ ప్లీడరు గారి దగ్గరికెళ్ళి మొత్తం చెప్పుకున్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "వేళ్ళు విరిగాయా?" అని అడిగారు. కేసు తీసుకున్నారు. "గుమాస్తావన్నావుగా, రా, ఫైలు మొయ్యి" అన్నారు.

ఇంజను మెకానిక్కుకి బెయిలొచ్చింది. మొదటి వాయిదాకి వచ్చాడు. నల్లగా, పొట్టిగా, నా కంటే చాలా చిన్నవాడు. నేను గోడకి అవతల పెద్ద మనిషిని ఊహించుకున్నాను, ఎందుకో. నా వైపు చూసి నమస్కారం పెట్టాడు. నేను ప్రతి నమస్కారం పెట్టబోయి, నోరు తెరిచి, మూసేశాను. నా ముఖం ఆయన చూడలేదు. కానీ గొంతు విన్నాడు. ఒక్క మాట మాట్లాడితే పోల్చుకుంటాడు.

గొంతు మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపాను. మా ప్లీడరు గారు తాపీగా, "మా గుమాస్తాకి గొంతు పోయిందిలే. మంచిదే అయింది" అన్నారు.

ఏడాదిన్నర. ప్రతి వాయిదాకీ మూగవాణ్ణి. ఈలోగా నాకు బదిలీ అయింది. పోలీసులు కక్షగట్టి చేయించారని చెబుతుంటాను, కాదు, మామూలు బదిలీయే. వాయిదా రోజు సెలవు పెట్టి రైలెక్కేవాణ్ణి. ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు. రాకుండా ఉండలేకపోయాను. రైల్లో పక్కవాళ్ళతో స్టేషనొచ్చేదాకా ఆగకుండా మాట్లాడేవాణ్ణి, మళ్ళీ సాయంత్రం దాకా నోరు కుట్టేసుకోవాలి కాబట్టి. కోర్టు వరండాలో ఆ మెకానిక్కు నా పక్కనే కూర్చుని, వంగని రెండు వేళ్ళతో బీడీ పట్టుకోవడానికి తంటాలు పడేవాడు. స్పానరు పట్టు దొరకడం లేదని మా ప్లీడరు గారితో చెబుతుంటే వినేవాణ్ణి. ఆయన భార్య నాకు మిరియాల కషాయం చేసి సీసాలో తెచ్చేది. "గొంతు తెరుచుకుంటది గుమాస్తా గారూ, తాగండి" అనేది. తాగేవాణ్ణి.

చివరికి మా ప్లీడరు గారు నన్ను పక్కకి పిలిచారు. "ఇక నువ్వు మాట్లాడాలి. మంగళవారం బస్టాండులో పట్టుకున్నామంటున్నారు. ఆదివారమే స్టేషన్లో ఉన్నాడని చెప్పగలిగింది భూమ్మీద నువ్వొక్కడివే. సాక్ష్యం చెబుతావా?"

"నాది గవర్నమెంటు ఉద్యోగం" అన్నాను.

"ఆయన చెయ్యి?" అన్నారు.

బోనెక్కాను. ఆ రోజు కోర్టు దద్దరిల్లేలా మాట్లాడానని మూడూళ్ళలోనూ చెప్పాను. మేజిస్ట్రేటు గారు రెండుసార్లు "గట్టిగా చెప్పండి" అనాల్సి వచ్చింది. పేరు చెప్పాను. ఉద్యోగం చెప్పాను. మూడో మాటకే ముద్దాయి బోనులో ఉన్న మెకానిక్కు తలెత్తాడు. అటు చూడకూడదని కోర్టు గుమాస్తా బల్ల వైపు చూస్తూ, క్లాసు సంగతి, తాళం సంగతి, గోడలో కంత సంగతి చెప్పాను.

సర్కారు తరపు ప్లీడరు లేచాడు. "ఆ మనిషి ముఖం చూశారా?"

"లేదండి."

"మరి ఈయనేనని ఎలా తెలుసు?"

"గొంతు తెలుసండి. ఊరూ, భార్య పేరూ చెప్పాడండి."

"అంత నమ్మకంగా మీకెందుకు చెప్పాడు? మీరెవరని చెప్పారు?"

వరండాలో మా ఊరివాళ్ళు నలుగురున్నారు. వెనక బెంచీల్లో ప్లీడర్లు పదిమంది. లాకప్పులో ఊపి చూడ్డానికి తలుపన్నా ఉంది. ఇక్కడ అదీ లేదు.

"ప్లీడర్నని చెప్పానండి."

"ఏంటీ?"

"పెద్ద ప్లీడర్నని."

కోర్టంతా ఘొల్లుమంది. మేజిస్ట్రేటు గారు బల్ల మీద కొట్టి కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఈ బోనులో నేను, ఆ బోనులో ఆయన.

కేసు కొట్టేశారు. నా సాక్ష్యంతోనే కొట్టేశారని చెబుతుంటాను. తీర్పులో నా గురించి ఒక్క ముక్క లేదు. దొరికిందన్న ఇంజను భాగాలు తనవేనని యజమాని గట్టిగా చెప్పలేకపోయాడు, దాంతో పోయింది.

తీర్పు రోజున కోర్టు బయట సైకిళ్ళ స్టాండు దగ్గర ఆ మెకానిక్కు నా కోసం ఆగాడు. ఆయన భార్య కాస్త దూరంలో సంచి పట్టుకుని నిలబడింది. అప్పుడూ గొంతు మీద చెయ్యి పెట్టుకోబోయాను, అలవాటుకొద్దీ.

"వద్దులెండి" అన్నాడు. "ఆ రోజు నాకన్నీ వినపడ్డాయండి. తాళం తీయడం, మీరు నవ్వడం. హెడ్డు గారు అడగడం. ఎలకలన్నారు."

"వినీ... మరి సంతకం ఎందుకు పెట్టలేదయ్యా? నేను దొంగమాటలు చెప్పానని తెలిసిపోయిందిగా?"

"ప్లీడరు కాదేమో అనుకున్నానండి. కాగితం సంగతి మాత్రం నిజమే అనిపించింది." తన వేళ్ళ వంక చూసుకున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది. "ఒకటే అడుగుదామనండి. సీఐ గారు పక్కనే ఉన్నారుగా. ఒక్క మాట ఎందుకు చెప్పలేదండి?"

బోనులో నిలబడి, నలుగురి ముందూ పరువు వదులుకుని నిజం చెప్పి ఎన్నో రోజులు కాలేదు. ఈపాటికి నిజం నోటికి అలవాటైపోయి ఉండాలి.

"హెడ్డు గారు నాకూ ఆయనకీ మధ్యలో నిలబడ్డాడయ్యా. అడ్డంగా. మాట్లాడే వీలు లేకపోయింది" అన్నాను.

ఆయన తలూపాడు. "అవునులెండి. అదీ నిజమే" అని, భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు.

అది నిజం కాదు. హెడ్డు గారు గ్లాసులు ఇచ్చేయడానికి టీ కొట్టుకి వెళ్ళాడు. ఐదు నిమిషాలో, ఇంకా ఎక్కువో. సీఐ గారు, నేను, మధ్యలో ఒక బల్ల. నాకు ఎవరూ అడ్డం లేరు.